సగం గీసిన బొమ్మ ముందు

కథ రాసేవారు చిత్తుప్రతిని సొరుగులో దాచుకోవచ్చు. పాట పాడేవారు తలుపులు బిడాయించుకుని సాధకం చేసుకోవచ్చు. వంట చేసే ఇల్లాలు, పులుసు మరిగేదాకా మూత తీసేది లేదని భీష్మించుకోవచ్చు. పాపం, బొమ్మలు వేసేవారికి మాత్రం ఈ సదుపాయం లేదు. సగం వేసిన బొమ్మ రోజుల తరబడి ఇంట్లో గోడకు ఆనుకుని నిలబడి వుంటుంది. పాలవాడు చూస్తాడు. పక్కింటివారు చూస్తారు. పెళ్ళి పిలుపులకు వచ్చిన చుట్టాలు చూస్తారు. చూసి ఊరుకుంటారా? "ఆవుకి మూడే కాళ్ళు వేశారేమిటండీ?" అని ఒకరు. "ఆకాశం కాస్త నీలంగా వుంటే ఇంకా బాగుండేది సుమండీ!" అని ఇంకొకరు. నాలుగో కాలు ఇంకా వేయలేదనీ, ఆకాశానికి ఇంకా రంగే పట్టించలేదనీ చెప్పుకోవడంతోనే ఆ పూట గడిచిపోతుంది.

నవ్వుకోవడానికి బాగానే వుంటుంది గాని, ఇందులో నవ్వులాట కాని సంగతి కూడా ఒకటి వుంది. సగంలో వున్న బొమ్మ పచ్చి బాలింత వంటిది. అది ఏమవుతుందో వేసేవారికే ఇంకా పూర్తిగా తెలియదు. ఆ సమయంలో పడిన ఒక మాటతో బొమ్మ నిలబడవచ్చు. మరొక మాటతో బొమ్మా, దానితోపాటు రంగుల పెట్టే కూడా అటక ఎక్కవచ్చు. అలా అటకెక్కిన రంగుల పెట్టెలు మన ఇళ్ళల్లో ఎన్ని లేవు! అంచేత, సగం గీసిన బొమ్మ ముందు నిలబడి ఏం మాట్లాడాలి, ఎలా మాట్లాడాలి అన్నది చిత్రకారులకే గాక మనందరికీ పనికివచ్చే ప్రశ్న అని నాకు తోస్తుంది.

చెప్పు పట్టీ

ఈ విషయంలో ఒక పాత కథ వుంది. అలెగ్జాండరు కాలంలో గ్రీసు దేశంలో అపెల్లీస్ అనే గొప్ప చిత్రకారుడు వుండేవాడు. తన బొమ్మలను వీధివైపు పెట్టి, తాను వెనక దాక్కుని, పోయేవాళ్ళు ఏమనుకుంటున్నారో వినేవాడట. ఒకరోజు చెప్పులు కుట్టే ఆయన ఒకాయన ఆగి, బొమ్మలోని చెప్పుకి ఒక పట్టీ తక్కువైందన్నాడు. అపెల్లీస్ ఆ తప్పు దిద్దాడు. మర్నాడు ఆయనే వచ్చి, తన మాట చెల్లిందన్న సంతోషంలో, ఈసారి కాలు బాగులేదన్నాడు. అపెల్లీస్‌కి కోపం వచ్చింది. బయటికి వచ్చి, చెప్పు దాటి పైకి పోవద్దన్నాడు. రోమను పండితుడు ప్లినీ ఈ కథను రాసిపెట్టాడు.

ఈ కథ చెప్పేవారంతా చెప్పులు కుట్టే ఆయన్ని వేళాకోళం చేయడంతో ముగిస్తారు. నాకు మాత్రం మొదటి రోజు సంగతే ముఖ్యంగా కనిపిస్తుంది. అంత పేరు పొందిన చిత్రకారుడు, ముక్కూ మొహం తెలియని మనిషి మాట విని, కుంచె తీసుకుని పట్టీ దిద్దుకున్నాడు! చెప్పు సంగతి చెప్పులు చేసేవాడికి తెలిసినంతగా తనకు తెలియదని ఒప్పుకున్నాడన్నమాట. ఎవరి మాట ఎంతవరకు వినాలో తెలియడం కూడా చిత్రకళలో భాగమే కాబోలు.

కుంచె చేతులు మారితే

అడిగినవారు అభిమానంతో అడిగినా, చెప్పినవారు అభిమానంతో చెప్పినా, ఒక్కొక్కప్పుడు పని బెడిసికొడుతుంది. ఇందుకు పారిస్ నగరంలో 1870లో జరిగిన ఒక ఉదంతం చూడండి.

బెర్త్ మోరిసో అనే యువతి తన తల్లినీ, అక్క ఎడ్మానూ కూర్చోబెట్టి ఒక పెద్ద తైలవర్ణ చిత్రం వేస్తూ వుంది. సలోన్ అనే వార్షిక ప్రదర్శనకు గడువు దగ్గరపడింది. అంతకుముందు బొమ్మను చూసిన పేరుగల చిత్రకారుడొకాయన, తల సరిగా కుదరలేదనీ, ఇక కుదరదనీ అనడంతో ఆమె ఉన్నదాన్ని గీకివేసి మళ్ళీ వేసింది. మనసు కుదుటపడక, తమ ఇంటికి స్నేహితుడైన ఎడ్వార్డ్ మానేని వచ్చి చూడమంది. మానే అంటే అప్పటికే పారిస్‌లో పదిమంది నోళ్ళలో నానిన చిత్రకారుడు.

ఆయన ఒంటిగంటకు వచ్చాడు. బొమ్మ చాలా బాగుంది, దుస్తుల కిందిభాగం ఒక్కటే బాగులేదన్నాడు. ఒకటి రెండు దిద్దుళ్ళు దిద్దుతానని కుంచె అందుకున్నాడు. ఇక ఆ కుంచె ఆగలేదు. గౌను నుంచి భుజాలకు, భుజాల నుంచి తలకు, తల నుంచి వెనకనున్న గోడకు పోయింది. ఆయన జోకుల మీద జోకులు వేస్తూ, పగలబడి నవ్వుతూ, రంగుల పలక ఆమె చేతికిస్తూ, మళ్ళీ లాక్కుంటూ అయిదు గంటలదాకా వేశాడు. అప్పటికి బొమ్మను తీసుకుపోవడానికి బండివాడు వాకిట్లో నిలబడి వున్నాడు. ఇష్టం వున్నా లేకపోయినా బొమ్మ బండెక్కింది.

మోరిసో ఎంత కుమిలిపోయిందంటే, ప్రదర్శనవారు ఆ బొమ్మను తిప్పి పంపితే బాగుండునని కోరుకుంది. వారు తిప్పి పంపలేదు. 1870 సలోన్‌లో అది ప్రదర్శించబడింది. ఇప్పుడు వాషింగ్టన్‌లోని జాతీయ చిత్రశాలలో వుంది. తల్లి నల్లని దుస్తుల మీద మానే కుంచె పోకడ ఇవాళ్టికీ గుర్తుపట్టవచ్చునంటారు తెలిసినవారు. ఆయన చెడ్డ ఉద్దేశంతో చేశాడని ఎవరూ అనలేరు. అయితే సలహా నోటి దగ్గర ఆగక చేతిలోకి దిగిందంటే, ఆ బొమ్మ ఎవరిదనే ప్రశ్న పుడుతుంది. మోరిసో మాత్రం అంతటితో డీలా పడిపోలేదు. 1874లో ఇంప్రెషనిస్టులు తమ మొదటి ప్రదర్శన పెట్టుకున్నప్పుడు ఆమె వారితో చేరింది. మానే చేరలేదు!

ఒక ఉత్తరం, ఒక స్నేహం

ఇంకొక రకం సలహా వుంది. అందులో చెప్పినవన్నీ నిజాలే కావచ్చు. కాని నిజాలను గులకరాళ్ళలా విసిరితే తగిలేది బొమ్మకు కాదు.

1885లో విన్సెంట్ వాన్ గో హాలెండులోని న్యూనెన్ గ్రామంలో రైతుల బొమ్మలు వేస్తూ వున్నాడు. దీపం వెలుగులో ఒకే పళ్ళెం చుట్టూ చేరి బంగాళాదుంపలు తింటున్న కుటుంబాన్ని చిత్రించాలని అతని తపన. అందుకోసం చలికాలమంతా రైతుల ముఖాలు ఒకదాని తరవాత ఒకటి వేశాడు. ఆ చిత్రానికి రాతి అచ్చు తీసి, తన మిత్రుడు వాన్ రాపార్డ్‌కు పంపాడు. ఇద్దరూ అయిదేళ్ళుగా స్నేహితులు.

రాపార్డ్ నుంచి జవాబు వచ్చింది. ఆ వెనకనున్న స్త్రీ చెయ్యి అబద్ధంగా వుందనీ, ఈ పక్కనున్న మనిషికి మోకాలూ పొట్టా ఏమయ్యాయనీ, చెయ్యి అంత పొట్టిగా వుండడమేమిటనీ, ముక్కులో సగం ఎక్కడ పోయిందనీ వరసగా ఎత్తిపొడుపులు! విన్సెంట్ ఆ ఉత్తరాన్ని మడిచి, పంపినవారికే తిప్పి పంపాడు. తరవాత కొన్నాళ్ళు ఉత్తరాలు నడిచినా, స్నేహం మళ్ళీ అతుక్కోలేదు.

చిత్రమేమంటే, ఆ రాతి అచ్చులో లోపాలున్నమాట విన్సెంటే ఒప్పుకున్నాడు. జ్ఞాపకం మీద, ఒక్కరోజులో వేసినదది. ముక్కూ చెయ్యీ గురించి రాపార్డ్ అన్నది కొంతవరకు నిజమే. కాని విన్సెంట్ ఆ చిత్రంలో ఏం చెప్పదలచాడో రాపార్డ్ అడగలేదు. ఆ దుంపలు తింటున్న చేతులే ఆ దుంపలను మట్టిలోంచి తవ్వాయని చెప్పాలన్నది విన్సెంట్ ఉద్దేశం. ఆ బొమ్మ ఇవాళ ఆమ్‌స్టర్‌డామ్‌లో, విన్సెంట్ పేరనే వున్న మ్యూజియంలో వుంది. లోకం నలుమూలల నుంచీ జనం వచ్చి చూస్తున్నారు. ముక్కు కొలతలు ఎవరూ అడగడం లేదు!

పక్కపక్కన కూర్చుని

మరి మంచి సలహా ఎలా వుంటుంది? నాకు నచ్చిన ఉదాహరణ పిస్సారో, సెజాన్‌ల స్నేహం. సెజాన్ ముక్కోపి. ఒకరు చెబితే వినే రకం కాదు. నల్లని రంగులు దట్టంగా పట్టించి బొమ్మలు వేసేవాడు. 1872లో అతడు పారిస్‌కు దగ్గరలోని పాంత్వాజ్ పట్టణానికి వచ్చాడు. అక్కడ వుంటున్న పిస్సారో వయసులో తొమ్మిదేళ్ళు పెద్ద, స్వభావంలో మెత్తనివాడు. ఇద్దరూ పొలాల్లోకి పోయి పక్కపక్కన కూర్చుని, ఎదుటనున్న చెట్టూ గుట్టా వేస్తూ వుండేవారు. పిస్సారో వేసిన లూవ్‌సియెన్ గ్రామ దృశ్యాన్ని సెజాన్ అడిగి తీసుకుని, ఉన్నదున్నట్టుగా నకలు వేసుకున్నాడు. క్రమంగా అతని బొమ్మల్లోకి వెలుతురు వచ్చింది. పిస్సారో కూడా సెజాన్ నుంచి నేర్చుకున్నాడు.

వీరిద్దరినీ చూసిన ఒక రైతు, పిస్సారోగారు కుంచెతో పొడుస్తారనీ, సెజాన్‌గారు రంగు పులుముతారనీ అన్నాడట. ఎన్ని నెలలు పక్కపక్కన కూర్చున్నా ఎవరి చెయ్యి వారిదిగానే నిలిచిందన్నమాట. పిస్సారో 1903లో పోయాడు. 1906లో, తన చివరి సంవత్సరంలో, సొంతవూరు ఎక్స్‌లో జరిగిన ప్రదర్శన జాబితాలో సెజాన్ తన పేరు పక్కన "పిస్సారో శిష్యుడు" అని వేయించుకున్నాడు. అప్పటికి ఆయన వయసు అరవై ఏడు!

గోదావరి గట్టున

దూరదేశాల సంగతులు ఎందుకు, మన రాజమహేంద్రవరంలోనే ఇటువంటి కథ వుంది. ఇక్కడి ఆర్ట్సు కాలేజీ ప్రిన్సిపాలుగా వున్న ఆస్వాల్డ్ కూల్డ్రే, స్వయంగా నీటిరంగుల చిత్రకారుడు. 1897లో పుట్టిన దామెర్ల రామారావులోని చెయ్యి గుర్తించి, వెన్నుతట్టి, బొంబాయి జె.జె. కళాశాలకు దారి చూపింది ఆయనే. అడివి బాపిరాజు కూడా ఆ దొర ప్రోత్సాహంతో కుంచె పట్టినవాడే. రామారావు చదువు ముగించి వచ్చి, గోదావరి గట్టునే చిత్రకళాశాల పెట్టాడు. భార్య సత్యవాణి, చెల్లెలు బుచ్చికృష్ణమ్మ, మిత్రుడు వరదా వెంకటరత్నం అందరూ బొమ్మలు వేసినవారే. 1925లో మశూచి సోకి రామారావు పోయేనాటికి ఇరవై ఎనిమిదేళ్ళు కూడా నిండలేదు. కాని నలుగురూ కూర్చుని వేసుకునే అలవాటు ఆయనతో పోలేదు. వెంకటరత్నం ఆ పాఠశాలను నిలబెట్టాడు.

ఆ గాలి సోకిందో ఏమో, మా బృందం ఒకటి ఆదివారాలు ఉదయం ఒక డ్రాయింగు మాస్టారి వరండాలో చేరుతుంది. మాస్టారు రిటైరై చాలాకాలమైంది. ఒక బ్యాంకు ఉద్యోగి, ఒక కాలేజీ కుర్రాడు, దుకాణాలకు బోర్డులు రాసే పెయింటరుగారు, మేమంతా పిన్నిగారు అని పిలిచే ఒక ఇల్లాలు, నేనూ సభ్యులం. ఫ్లెక్సీలు వచ్చాక పెయింటరుగారికి పని తగ్గింది గాని, చెయ్యి ఏమాత్రం తగ్గలేదు.

మాస్టారి వరండాలో కొన్ని కట్టుబాట్లున్నాయి. బొమ్మ తెచ్చినవారు తమకు ఎక్కడ సందేహమో ముందు చెప్పాలి. తక్కినవారు అయిదు నిమిషాలు మాట్లాడకుండా చూడాలి. తరవాత, బొమ్మలో ఏది నిలబడిందో మొదట చెప్పాలి. ఊరికే "బాగుంది" అంటే మాస్టారు ఒప్పుకోరు. "ఎక్కడ బాగుంది? వేలు పెట్టి చూపించు" అంటారు. లోపం కనిపిస్తే ప్రశ్నగా అడగాలి. ఒకరి బొమ్మ మీద ఇంకొకరు కుంచె పెట్టడం మాత్రం ససేమిరా పనికిరాదు.

మొన్న చలికాలంలో పిన్నిగారు ఒక నీటిరంగు బొమ్మ తెచ్చారు. అమ్ముడుపోయిన పుట్టింటి వసారా, గుమ్మం పక్కన కూర్చుని చేటలో బియ్యం ఏరుతున్న వాళ్ళ అమ్మగారు. ముఖం మాత్రం కుదరలేదు. మూడుసార్లు స్పాంజితో తుడిచి మళ్ళీ వేయడంతో అక్కడ కాగితం పీచు లేచిపోయింది.

"ఇక నావల్ల కాదండీ మాస్టారూ! అమ్మ పోయి ఇరవై ఏళ్ళయింది. ముఖం గుర్తుంది అనుకుంటాను, కుంచె పట్టేసరికి చెదిరిపోతుంది. చింపేద్దామని తెచ్చాను" అన్నారు.

అయిదు నిమిషాలూ గడిచాయి. కాలేజీ కుర్రాడు, "ముఖం లేకపోతే అమ్మగారని ఎలా తెలుస్తుందండీ?" అన్నాడు. బ్యాంకు ఆయన, వెనక గోడ నీడ చల్లగా, హాయిగా వుందని వేలు పెట్టి చూపించారు. పెయింటరుగారు కళ్ళు సగం మూసి ఇంకా చూస్తూనే వున్నారు. చివరికి నెమ్మదిగా, "అమ్మా, మీరు ముఖంలో వెతుకుతున్నారు గాని, మీ అమ్మగారు ఆ వేళ్ళ దగ్గర వున్నారండి. ఆ మెడ అలా వంచడం చూస్తేనే నాకు తెలిసిపోయిందండి, చూపు సరిగా ఆనని మనిషి అని" అన్నారు.

పిన్నిగారు చాలాసేపు మాట్లాడలేదు. "అవును, శుక్లాలు వచ్చాయి అమ్మకు" అన్నారు.

మాస్టారు నీడ రంగు వేసిన చిన్న కాగితం ముక్కను ముఖం మీద ఆనించి, బొమ్మను అద్దంలో చూపించారు. అద్దంలో చూస్తే మనకు అలవాటైన బొమ్మ కొత్తదిగా కనిపిస్తుంది. తప్పొప్పులు చప్పున తెలుస్తాయి. లియొనార్డో డావించీ నాటి నుంచీ చిత్రకారులు వాడుకుంటున్న చిట్కా ఇది. ముఖం నీడలోకి పోయేసరికి చూపంతా చేట మీదికీ, వేళ్ళ మీదికీ వెళ్ళింది. నీటిరంగుల్లో ఒకసారి పోయిన కాగితపు తెలుపు మళ్ళీ రాదు. అదృష్టవశాత్తు చేటలోని బియ్యం మీద పిన్నిగారు ఇంకా రంగు పెట్టలేదు.

"మరి కుడిచేతి బొటనవేలు?" అని ఆవిడే అడిగారు. మాస్టారు దిద్దలేదు. లోపలికి కేకేసి, వంటింట్లోంచి చేట తెప్పించి, ఆవిడ చేతికే ఇచ్చారు. "మీరే పట్టుకుని చూసుకోండి. మీ చెయ్యీ మీ అమ్మగారి చెయ్యే గదా!" అన్నారు.

బొమ్మ పూర్తి అయింది. ముఖం నీడలోనే వుండిపోయింది. పిన్నిగారి అన్నగారు వచ్చి, చాలాసేపు చూసి, "రాళ్ళు ఏరుతూ నన్ను తిట్టేది, గుర్తుందా?" అన్నారట. అంతకంటే పెద్ద బహుమతి ఏ ప్రదర్శనవారు ఇవ్వగలరు?

ఉమాదేవి తపస్సు

చెప్పిన సలహాను వెనక్కి తీసుకోవడం అన్నిటికంటే కష్టమైన పని. దానికి అవనీంద్రనాథ ఠాకూరు చేసినదే నాకు తెలిసిన గొప్ప ఉదాహరణ. ఆయనే తన జ్ఞాపకాలలో ఈ సంగతి చెప్పుకున్నారు.

ఆయన శిష్యుడు నందలాల్ బోసు ఉమాదేవి తపస్సు చేస్తున్న చిత్రం వేసి గురువుకు చూపించాడు. రంగులు లేవు, అలంకారం లేదు, అంతా కావి ఛాయ. ఇంత కఠోరంగా వుందేమిటి, కాస్త రంగు చూపించు, నుదుట చందనమో, ఒక పువ్వో పెట్టి సింగారించు అన్నారు గురువుగారు. శిష్యుడు తల వంచుకుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి గురువుకు నిద్రపట్టలేదు. ఆకులు కూడా తినడం మాని అపర్ణ అనిపించుకున్న ఉమకు సింగారం ఎక్కడిది? నందలాల్ ఆమెను అలాగే చూశాడేమో, తాను చూడలేకపోయాడేమో! తెల్లవారుతూనే శిష్యుడి ఇంటికి పరుగెత్తారు. నందలాల్ అప్పటికే బొమ్మ ముందు పెట్టుకుని, కుంచె చేతపట్టి, ఎక్కడ దిద్దాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాడు. ఆగు ఆగు, ముట్టుకోకు, ఎంత పని జరిగిపోయేది అంటూ గురువు ఆపేశారు.

ఆ నందలాల్ బోసే తరవాత శాంతినికేతన్ కళాభవనానికి అధ్యక్షుడై, దేశం నలుమూలల నుంచి వచ్చిన ఎందరినో చిత్రకారులుగా తీర్చారు. మన కొండపల్లి శేషగిరిరావుగారు ఆయన దగ్గర నేర్చుకున్నవారే. భారత రాజ్యాంగం మూలప్రతి పుటలకు అలంకరణ చేయించిందీ నందలాల్ బోసుగారే. గురువు ఆనాడు ఒక్కపూట ఆలస్యంగా మేలుకుని వుంటే, ఒక బొమ్మ మారిపోయేది. తన కంటి మీద తనకున్న నమ్మకం కూడా ఆ శిష్యుడికి సడలేదేమో!

ఈ కథలన్నిటిలోనూ నాకు ఒకే సంగతి కనిపిస్తుంది. సగం బొమ్మ ముందు నిలబడినవారు, తామైతే ఎలా వేసేవారో చెప్పడం తేలిక. వేసేవారు దేనికోసం వెతుకుతున్నారో కనిపెట్టి, దానికి సాయపడే మాట చెప్పడం కష్టం. దానికి బొమ్మలు వేయడం రానక్కరలేదు. కాస్త ఓపికగా చూడడం వస్తే చాలు.

మీ ఇంట్లో పిల్లవాడు ఎప్పుడైనా సగం వేసిన బొమ్మ తెచ్చి చూపిస్తే, "ఇదేమిట్రా, కోతా?" అనకండి. "అబ్బ, రవివర్మవిరా!" అని ఒక్కమాటతో పంపివేయనూ వద్దు. పని పక్కన పెట్టి, బొమ్మను వెలుతురులో పెట్టి చూడండి. ఒక్క చోటు వేలు పెట్టి, "ఇది నాకు నచ్చింది" అనండి. తరవాత, "ఇంకా ఏం వెయ్యబోతున్నావు?" అని అడగండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికి వాడు మళ్ళీ కాగితం దగ్గరకు వెళ్ళాలి. మనకు కావలసింది అదే గదా!